సెలవు మనకే, చక్కెర జబ్బుకు కాదు

"సార్, కొడుకు దుబాయికి రమ్మంటున్నడు. పది రోజులుండి వస్తం. షుగర్ గోలీలు ఎన్ని పట్టుకపోవాలె?"

జహీరాబాద్‌లో ఔట్‌పేషెంటు గదిలో కూర్చునే నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. మా ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు పోయి పని చేసుకునేవారు చాలామంది. పిల్లలు అక్కడ స్థిరపడ్డాక తల్లిదండ్రులు చూసి రావడానికి వెళ్తూ ఉంటారు. ఇదివరకు నా జవాబు ఒక్క ముక్కలో ఉండేది. "పది రోజులకు సరిపడా తీసుకో, ఇంకో వారానికి ఎక్కువ పెట్టుకో. తీపి తినకు. పోయిరా." అని చీటీ రాసిచ్చి తరువాతి రోగిని పిలిచేవాణ్ణి.

2024 జనవరిలో నేనే మిత్రులతో దుబాయి వెళ్ళి వచ్చాక ఆ జవాబు చాలదని తెలిసివచ్చింది. అక్కడ గడిపిన ఒక్కరోజు ముచ్చటే ఈ వారం మీకు చెప్పదలిచాను. నా తెలివితేటలు చాటుకోవడానికి కాదు. ముప్పై ఏళ్ళుగా వైద్యం చేస్తున్న నేను, నా కళ్ళముందే జరుగుతున్నదాన్ని పావుగంటసేపు గుర్తు పట్టలేకపోయాను. ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదని ఈ నాలుగు మాటలు.

నాలుగో రోజు

మేము నలుగురం. ఒకరు రిటైరైన బడిపంతులు, ఊరందరికీ ఆయన "సార్". ఇంకొకరు అల్లం వ్యాపారి. మూడో ఆయన బ్యాంకులో పని చేసి దిగినవాడు. నాలుగోవాణ్ణి నేను. నలుగురిలో ఇద్దరికి చక్కెర జబ్బు, ముగ్గురికి రక్తపోటు. యాభై దాటిన ఏ నలుగురు మిత్రులను లెక్క వేసినా ఇంచుమించు ఇదే వరస కదా!

మొదటి మూడు రోజులూ మనవాళ్ళు తీర్థయాత్రలో తిరిగినట్లు తిరిగాం. డబ్బు పెట్టి వచ్చాం కాబట్టి అన్నీ చూసేయాలని ఆరాటం. పొద్దున ఏడింటికి బస్సు ఎక్కితే రాత్రి పదకొండింటికి గదికి చేరడం. మూడో రాత్రికి బ్యాంకు మిత్రుడి కాళ్ళు వాచాయి. నాకు నిద్ర పట్టలేదు. వ్యాపారి రక్తపోటు చూస్తే ఇంటి దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ ఉంది. కారణం వెతకనక్కరలేదు. నిద్ర తగ్గింది, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ, మురుకులు, హోటలు కూరల వల్ల ఉప్పు పెరిగింది. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు ముక్కల ఊరగాయ, గుప్పెడు మురుకులు కలిస్తే అందులో చాలా భాగం అక్కడే అయిపోతుంది.

అప్పుడు నేను డాక్టరు హోదాలో ఒక ఆజ్ఞ వేశాను. "రేపు ఏమీ చూడం. ఊరికే కూర్చుందాం." అందరూ సంతోషించారు. నిజానికి సెలవులో శరీరానికి కావలసింది అదే. తీరికగా నడవడం, కడుపునిండా నిద్ర, నచ్చిన మనుషులతో మాటలు. ఇవి రక్తపోటుకూ మనసుకూ మేలు చేస్తాయి. అయితే ఆ ఆజ్ఞలో ఒక లోపం ఉంది. తీరిక అంటే వేళాపాళా లేకపోవడమని మేమంతా అనుకున్నాం. జబ్బు మాత్రం అలా అనుకోలేదు.

పడవ, చాయ్, పాత రూపాయి

దుబాయి పాత ఊరి మధ్యగా సముద్రపు పాయ ఒకటి లోపలికి వస్తుంది. దానికి ఒక ఒడ్డు దేరా, రెండో ఒడ్డు బర్ దుబాయి. మా బస దేరాలో. రెండు ఒడ్ల మధ్య "అబ్రా" అనే చెక్కపడవలు తిరుగుతుంటాయి. మేము ఎక్కిన రోజున మనిషికి ఒక్క దిర్హాము. ఆకాశాన్నంటే మేడలున్న ఊళ్ళో ఇంత చవకైన సుఖం ఇంకొకటి కనబడలేదు.

అక్కడి సమయం మనకంటే గంటన్నర వెనక. సార్ ఏడున్నరకు లేచి, అలవాటు ప్రకారం చక్కెర జబ్బు మాత్ర వేసుకున్నాడు. అది తిండికి ముందు వేసుకునే మాత్ర. "టిఫిను ఒడ్డుమీద చేద్దాం పాండ్రి" అన్నాడు. సరేనన్నాం. పడవ దిగాక సుగంధద్రవ్యాల అంగళ్ళలో వ్యాపారి ఆగిపోయాడు. శొంఠి ముక్క విరిచి వాసన చూసి, "మన అల్లం ముంగట ఇదేం ఘాటు!" అని తల ఆడించాడు. ఆ బేరంలో అరగంట పోయింది. తరువాత ఒడ్డున బల్లమీద కూర్చుని చాయ్ తాగాం. సార్‌కు చక్కెర లేని చాయ్.

బ్యాంకు మిత్రుడు అక్కడ ఒక మంచి సంగతి చెప్పాడు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో చెల్లింది మన రూపాయే. 1959లో మన ప్రభుత్వం గల్ఫ్ కోసమని ప్రత్యేకంగా నోట్లు వేయించింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఆ దేశాలు దాన్ని వదులుకున్నాయి. "చూసిన్రా, మన నోటు పట్టుకొని ఇక్కడ చాయ్ తాగేటోళ్ళు" అని నవ్వుకున్నాం. పడవలు పోతున్నాయి, వస్తున్నాయి. బడిలో తిన్న దెబ్బలు, పాత మాస్టర్ల ముచ్చట్లు నడుస్తున్నాయి. గడియారం చూస్తే పదకొండు. టిఫిను మాట అందరం మరిచాం. అందరిలోకీ ముందు మరిచినవాణ్ణి నేనే.

చల్లగాలిలో చెమటలు

అక్కడినుంచి సముద్రపు ఒడ్డుకు చేరాం. జనవరి కాబట్టి ఎండ ఇంపుగా ఉంది, గాలి చల్లగా ఉంది. ఇసుకలో కొంచెం దూరం నడిచామో లేదో, సార్ విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఎన్నడూ పరుషంగా మాట్లాడని మనిషి. "నన్ను బడిపిల్లగాన్ని చేసి తిప్పుతున్నరు. నేను పోత" అన్నాడు. ఎటు పోవాలో తెలియనట్టు నాలుగడుగులు వేసి నిలబడ్డాడు. అలిగాడనుకున్నాను. ఎండ తగిలిందేమో అనుకున్నాను. "సార్‌కు ఇల్లు యాదికొచ్చింది" అని పరాచికం కూడా ఆడాను.

కనిపెట్టింది అల్లం వ్యాపారి. "డాక్టర్ సాబ్, ఇంత చల్లగాలికి సార్ అంగీ తడిసిపోయింది, చూడున్రి."

అప్పుడు పట్టుకుని చూస్తే చేతులు చల్లగా ఉన్నాయి, వేళ్ళు వణుకుతున్నాయి. రక్తంలో చక్కెర పడిపోయింది! చక్కెర చూసే చిన్న మిషను గదిలో ఉంది. మా నలుగురి జేబుల్లో ఒక్క చిటికెడు పంచదార లేదు. బ్యాంకు మిత్రుడు పరుగెత్తి చక్కెర లేని కూల్‌డ్రింకు తెచ్చాడు. "షుగరున్నోళ్ళకు ఇదే మంచిది కదా" అన్నాడు. మంచి మనసుతో తెచ్చాడు గాని ఆ సమయంలో దానికీ మంచినీళ్ళకూ తేడా లేదు.

మా గాభరా తెలుగులో ఉండటం మేలైంది. దగ్గర్లోని బడ్డీలో పని చేస్తున్న కుర్రాడొకడు విని, పండ్లరసం డబ్బా మూత తీసి పట్టుకొచ్చాడు. సార్‌ను కూర్చోబెట్టి మెల్లగా తాగించాం. పదిహేను నిమిషాలు గడిచాక మొగం తేటపడింది. "ఏమైంది నాకు?" అని అడిగాడు. విసుక్కున్న సంగతి ఆయనకు గుర్తే లేదు. వెంటనే పక్కన కడుపునిండా భోజనం పెట్టించాం.

గానుగ ఒట్టిగా తిరిగితే...

మా జహీరాబాద్ వైపు చెరుకు పండించేవారికి ఈ పోలిక తేలిగ్గా అర్థమవుతుంది. చెరుకు వస్తుందన్న నమ్మకంతో గానుగను తిప్పడం మొదలు పెడతాం. చెరుకు రాకపోతే గానుగ ఒట్టిగా తిరిగి అరిగిపోతుంది. కొన్నిరకాల మాత్రలు కడుపులోని క్లోమగ్రంథిని తట్టి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. తిండి వెనకే వస్తుందని వాటి నమ్మకం. తిండి రాకపోతే ఆ ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ ఊడ్చేస్తుంది. దానికి తోడు నడక ఉంటే ఇంకా తొందరగా ఊడుస్తుంది. మెదడుకు ముఖ్యమైన ఆహారం ఆ చక్కెరే. అందుకే కోపం, తికమక, తూలడం.

గ్లైమిపెరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికీ, ఇన్సులిన్ సూదులు వేసుకునేవారికీ ఈ భయం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి ఇలా జరగడం అరుదు. మీ మాత్ర ఏ రకమో మీ డాక్టరును అడిగి ఇవాళే తెలుసుకోండి.

గుర్తులు ఏమిటంటారా? చల్లని చెమట, చేతుల వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, చూపు మసకబారడం, కారణం లేని కోపం, మాట తడబడటం. రక్తపోటుకు గాని గుండెకు గాని అటెనొలాల్ జాతి మాత్రలు వాడేవారిలో దడ, వణుకు బయటపడకపోవచ్చు. వారికి చెమటే ముఖ్యమైన గుర్తు. తెలియని దేశంలో ఇలా తూలే మనిషిని చూసి తాగి ఉన్నాడనుకునే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి "నాకు చక్కెర జబ్బు ఉంది, నేను తూలితే చక్కెర ఇవ్వండి" అని ఇంగ్లీషులో రాసిన చీటీ జేబులో పెట్టుకోండి. దాని మీద ఇంటివారి ఫోను నంబరు కూడా ఉండాలి.

చేయవలసింది ఇది. చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినా, మిషను దగ్గర లేక అనుమానం వచ్చినా, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. లేదా అరగ్లాసుకు పైన పండ్లరసం, లేదా గ్లూకోజు పొడి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక చపాతీయో అన్నమో తినిపించాలి, లేకపోతే చక్కెర మళ్ళీ పడుతుంది. చాక్‌లెట్లు, బిస్కట్లు ఆ సమయంలో పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఈ మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది కాబట్టి ఆ రోజంతా మనిషిని ఒంటరిగా వదలకూడదు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సును పిలవండి. మన దగ్గర 108, దుబాయిలో 998.

బడ్డీలోని కుర్రాడు

రసం తెచ్చిన కుర్రాడిది ఝరాసంగం పక్కన ఒక పల్లె. ఊరి పేరు వినగానే సార్ కళ్ళు మెరిశాయి. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మీరు మా తానోళ్ళు, మీ తాన పైసలేంది సార్" అన్నాడు. ఈ బడ్డీకి రాకముందు రెండు ఎండాకాలాలు కట్టడాల పని చేశాడట. ఒకసారి నడుములో నొప్పి వచ్చి నేలమీద దొర్లాడట. కిడ్నీలో రాయి.

"నీళ్ళు తక్కువ తాగేటోనివా?" అని అడిగాను.

"తాగితే ఒంటికి పోవాలె కద సార్. అది శానా దూరం. ఘడియకోసారి పోతే మేస్త్రీ ఊకోడు."

ఆ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. మంచిదే. అయితే మిగిలిన గంటల్లో కూడా ఆ ఎండ ఎండే. చెమటగా నీరంతా పోతే మూత్రం చిక్కబడి, అందులోని లవణాలు రాళ్ళుగా గడ్డకడతాయి. మీ పిల్లలు గల్ఫ్‌లో ఉంటే ఫోనులో "తిన్నావా?" అని అడిగినట్టే "నీళ్ళు తాగుతున్నావా? ఒంటికి ఏ రంగులో వస్తోంది?" అని కూడా అడగండి. లేత గడ్డి రంగులో ఉంటే మేలు. తేనె రంగులో ఉంటే నీళ్ళు చాలడం లేదన్నమాట. దాహం వేసేదాకా ఆగవద్దని చెప్పండి.

రెండేళ్ళుగా సముద్రం పక్కనే ఉన్నవాడు కదా, సాయంత్రం మాతో నీళ్ళలోకి రమ్మన్నాను. "సెలవు రోజు పండుకునుడే సార్, సముద్రం ఎవలు చూస్తరు" అన్నాడు. మేము మూడు రోజులు ఉరికి ఉరికి అలిసిపోయి, నాలుగో రోజు తీరిక కొనుక్కున్నాం. అతనికి ఆ తీరిక కొనుక్కోవడానికి కూడా లేదు. ఆ మాట విన్నాక కొంచెంసేపు మేమెవరమూ మాట్లాడలేదు.

కాళ్ళు కూడా మాట్లాడతాయి

మధ్యాహ్నం గదికి వచ్చి పడుకున్నాం. లేచాక, ఉదయపు పాఠం గుర్తుండి, సార్ కాళ్ళు చూశాను. కుడికాలి చిటికెన వేలు పక్కన పొక్కు చితికి, మేజోడుకు రక్తం అంటింది. ప్రయాణం కోసమని కొన్న కొత్త బూట్లు. "నొప్పి లేదా?" అంటే "ఏడిది, నాకు తెల్వనే లేదు" అన్నాడు. ఏళ్ళ తరబడి చక్కెర జబ్బున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పుండు పడినా తెలియదు. చిన్న పొక్కే ముదిరి వేలు తీసేయవలసిన స్థితికి రావడం నా సర్వీసులో చాలాసార్లు చూశాను. కొత్త చెప్పులతో ప్రయాణం వద్దు. నెలరోజుల ముందే కొని కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలి. ఇసుకమీద వట్టికాళ్ళతో నడవకూడదు. ప్రతిరాత్రీ పాదాల అడుగుభాగం అద్దంలో చూసుకోవాలి, లేదా పక్కవారిచేత చూపించుకోవాలి.

పుండు కడిగి కట్టు కట్టాను. కాబట్టి సాయంత్రం సార్ నీళ్ళలో దిగలేదు. కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేము ముగ్గురం మోకాలి లోతులో నిలబడ్డాం. సముద్రం విషయంలో ఒక్క మాట. ఎర్రజెండా ఉన్నచోట దిగకండి, కాపలావాళ్ళు ఉన్నచోటనే దిగండి. మద్యం తాగి అసలే దిగకండి. మా వంటి మెట్ట ప్రాంతాలవాళ్ళం చెరువు, బావి తప్ప ఎరగం. అలల కింద వెనక్కు లాగే నీటి బలం మనకు తెలియదు.

పొద్దు గుంకింది. నలుగురం పక్కపక్కన కూర్చుని వేయించిన శనగలు నమిలాం. ఎవరికీ ఏ తొందరా లేదు. ఆ రాత్రి వ్యాపారి రక్తపోటు చూస్తే ముందురోజుకంటే తగ్గింది. నేనూ ఆరున్నర గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

మూటలో ఏముండాలి?

ఇప్పుడు ఔట్‌పేషెంటు గదిలో ఆ ప్రశ్న వస్తే నేను కుర్చీ చూపించి, కూర్చోమని, ఇలా చెబుతున్నాను.

మందులన్నీ చేతిసంచిలోనే పెట్టుకోండి. పెద్దపెట్టె తప్పిపోతే మందులూ పోతాయి. ఇన్సులిన్‌ను పెద్దపెట్టెలో అసలే వేయకూడదు, విమానం సరుకు గదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. అలాగే ఎండలో నిలిపిన కారులో, ఇసుకమీద సంచిలో దాన్ని వదలకండి.

డాక్టరు చీటీ ఇంగ్లీషులో, మందుల అసలు పేర్లతో ఉండాలి. మాత్రలను విడదీసి డబ్బాలో పోసుకోకుండా అట్టలతోనే తీసుకెళ్ళండి. కొడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ నొప్పిమాత్రలు, కొన్ని నిద్రమాత్రలు యు.ఏ.ఇ.లో ఆంక్షలున్న మందులు. ముందుగా వారి ఆరోగ్యశాఖ అనుమతి లేకుండా తీసుకెళ్తే చిక్కుల్లో పడతారు. అమ్మలకు ఇంకొక హెచ్చరిక. కోడలికి ఇష్టమని గసగసాలు మూటకట్టకండి. అక్కడ అవి నిషిద్ధం.

మన దగ్గర నుంచి విమానం ఇంచుమించు నాలుగు గంటలు. అంతసేపు కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది. గంటకోసారి లేచి నడవండి. లేవలేకపోతే మడమలు పైకీ కిందికీ ఆడించండి. నీళ్ళు తాగండి. వచ్చాక ఒక్క పిక్కే వాచి నొప్పి పుడితే వెంటనే డాక్టరుకు చూపండి.

గంటన్నర తేడాకు మందుల మోతాదు మార్చనక్కరలేదు. గడియారాన్ని కాదు, పళ్ళేన్ని చూడండి. పళ్ళెం ముందుకు వచ్చాకే తిండికి ముందు మాత్ర వేసుకోండి. అమెరికా వంటి దూరదేశాలకు పోయేవారు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు, మోతాదు గురించి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

చివరగా, మూడు చెంచాల పంచదార చిన్న పొట్లం కట్టి జేబులో వేసుకోండి. "చక్కెర జబ్బోనికి చక్కెర ఇస్తున్నవా సార్?" అని కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మా సార్ ఇప్పుడు నెలకోసారి చూపించుకోవడానికి వస్తాడు. కాలి పుండు మానిపోయింది. లోపలికి వస్తూనే చొక్కాజేబు తట్టి, కాగితం పొట్లం తీసి నా బల్లమీద పెడతాడు. నేను చూసి తల ఊపాకే దాన్ని తిరిగి జేబులో వేసుకుని, కుర్చీలో కూర్చుంటాడు.